నలుపు తెలుపు ఛాయాచిత్రానికి ఆధారమైన కాగితం

నాగార్జునసాగరం ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల పొలాలను తడుపుతుంది. ఆ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10 న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4 న కాలువలకు నీరు వదిలారు. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుమోసిన ఊరు కావడానికి ఆ నీరే కారణం. అయితే అంత నీరు నిలవడానికి ఒక లోయ మునిగిపోవలసి వచ్చింది. ఇక్ష్వాకుల రాజధాని అయిన విజయపురి ఆ లోయలోనే ఉండేది. దాని శిథిలాలు 1926 లో బయటపడ్డాయి. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్టు, మళ్ళీ 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం అక్కడ తవ్వకాలు జరిపించారు. కొన్ని కట్టడాలను రాతికి రాయి విప్పి నాగార్జునకొండ పైకి, అనుపుకు తరలించారు. తక్కినవి నీటి అడుగున ఉన్నాయి. అవి తమ చోట తాము ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే మనకున్న సాక్ష్యం ఆనాటి నివేదికలు, కొలతల పటాలు, నలుపు తెలుపు ఛాయాచిత్రాలు మాత్రమే.

ఛాయాచిత్రం అనగానే అందరూ కెమెరాను గురించి, దాని కటకాన్ని గురించి మాట్లాడుతారు. బొమ్మ నిలిచేది మాత్రం కాగితం మీద. కాగితం చెడితే బొమ్మ చెడుతుంది. ఈనాడు పాత చిత్రాలను మళ్ళీ ముద్రించేవారికి, కొత్తగా నలుపు తెలుపు చిత్రాలు తీసేవారికి ఇంక్‌జెట్ యంత్రాలు అందుబాటులో ఉన్నాయి. వాటికి కావలసిన కాగితాలు పదుల రకాలుగా అమ్ముతున్నారు. ఏ కాగితాన్ని ఎంచుకోవాలి? ఈ ప్రశ్న కొత్తది కాదు. ఛాయాచిత్రకళ పుట్టిననాడే ఇదీ పుట్టింది.

1802 లో వెడ్జివుడ్డు, డేవీ అనే ఆంగ్లేయులు రజత నైట్రేటు పూసిన కాగితం మీద, తోలు మీద వెలుతురుతో బొమ్మలు పడేటట్లు చేశారు. కాని వాటిని నిలపలేకపోయారు. పగటి వెలుగులో చూడబోతే కాగితమంతా నల్లబడేది. ఆ చిక్కును విడదీసి, 1839 లో కాగితపు ఛాయాచిత్రాన్ని లోకానికి ప్రకటించినవాడు టాల్బట్. అతని పద్ధతి చాలా తేలిక. మంచి రాతకాగితాన్ని పలుచని ఉప్పునీటిలో తడిపి ఆరబెట్టాలి. తరువాత దానిపై రజత నైట్రేటు ద్రావణం పూయాలి. కాగితపు పీచులోనే రజత క్లోరైడు పుడుతుంది. దీని మీద ఒక ఆకును గాని, నెగటివును గాని ఉంచి ఎండలో పెడితే, వెలుతురు సోకినచోట వెండి విడిపడి నల్లబడుతుంది. మిగిలిపోయిన రజత లవణాన్ని కరిగించి తీసివేయడానికి హైపో పనికివస్తుందని చూపినవాడు జాన్ హెర్షెల్. హైపోకు ఆ గుణం ఉన్నట్లు అతడు 1819 లోనే గమనించాడు.

ఈ ప్రయోగాన్ని ఉన్నత పాఠశాలలో సులభంగా చేసి చూపవచ్చు. వేపాకు గాని, చింతాకు గాని చాలు. రజత నైట్రేటు చేతికి తగిలితే చర్మం నల్లబడుతుంది కాబట్టి తొడుగులు వేసుకోవాలి, కళ్ళకు సోకకుండా చూసుకోవాలి. నల్లగొండ ప్రాంతపు ఉపాధ్యాయులు ఇక్కడ ఇంకొక సంగతి కూడా చెప్పవచ్చు. ఆ ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువన్నది అందరికీ తెలిసిన బాధ. క్లోరిను, బ్రోమిను, అయొడిను, ఫ్లోరిను ఒకే కుటుంబానివి. అయినా రజత క్లోరైడు, బ్రోమైడు, అయొడైడు నీటిలో కరగవు. రజత ఫ్లోరైడు మాత్రం ఇట్టే కరుగుతుంది. అందుచేతనే ఛాయాచిత్రాల కాగితంలో మొదటి మూడింటికే చోటు దొరికింది.

టాల్బట్ ఏ కాగితం పడితే ఆ కాగితం వాడలేదు. ఇంగ్లండులోని వాట్మన్ మిల్లు కాగితాన్ని కోరి వాడాడు. దానికి కారణాన్ని తరువాతివారు ఇంకా స్పష్టంగా గుర్తించారు. కాగితంలో ఒక ఇనుప నలుసు ఉన్నా రజత లవణం దాని చుట్టూ మరకకడుతుంది. రాజుగారి చిత్రం తీస్తే బుగ్గమీద నల్లమచ్చ! కనుక ఛాయాచిత్రాల కాగితం తయారుచేయడానికి నీరు శుద్ధంగా ఉండాలి, గుడ్డపీలికలు శుభ్రంగా ఉండాలి, యంత్రాలలో తుప్పు ఉండరాదు. 19 వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ పనిని నమ్మకంగా చేయగలిగిన మిల్లులు ప్రపంచం మొత్తంమీద రెండే ఉండేవంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఒకటి ఫ్రాన్సులోని రీవ్ గ్రామంలో బ్లాంషె సోదరులు, క్లెబేర్ అనేవారిది. రెండవది ఇప్పుడు బెల్జియంలో ఉన్న మాల్మెదీలో స్టైన్‌బాఖ్ మిల్లు.

తెలుగుదేశపు శిల్పం కాగితం మీదికి ఎక్కింది కూడా ఆ కాలంలోనే. వాల్టర్ ఇలియట్ 1845 లో అమరావతిలో తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. మద్రాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడైన కెప్టెన్ లినేయస్ ట్రైప్ 1858 లో వాటిని చిత్రాలు తీశాడు. మరుసటి సంవత్సరమే ఆ శిల్పాలు ఓడ ఎక్కి లండనుకు తరలిపోయాయి. అవి మద్రాసులో ఉన్నప్పటి రూపం ట్రైప్ చిత్రాలలో మిగిలింది.

ఉప్పు కాగితంలో ఒక లోపం ఉంది. వెండి పీచులోపలికి ఇంకిపోవడంవల్ల నలుపు పలచబడి, గీతలు మసకగా కనబడుతాయి. 1850 లో బ్లాంకార్ ఎవ్రార్ అనే ఫ్రెంచివాడు దీనికి మందు కోడిగుడ్డులో కనుగొన్నాడు. గుడ్డు తెల్లసొనలో ఉప్పు కలిపి కాగితానికి పూస్తే, రంధ్రాలు మూసుకొని పై పొర నున్నబడుతుంది. బొమ్మ ఆ పొరలోనే నిలుస్తుంది. ఈ కాగితం నలభై ఏళ్ళకు పైగా రాజ్యం చేసింది. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ఒక్క కంపెనీ 1888 లో 18,674 రీముల కాగితానికి సొన పూసింది. రీముకు 27 డజన్ల గుడ్లు. లెక్క వేస్తే అరవై లక్షల గుడ్లు దాటుతాయి. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదు స్టూడియోలో తయారైన ప్రసిద్ధ చిత్రాలు చాలావరకు ఈ కాగితం మీదివే. అవి ఈనాడు లేత పసుపు డాలుతో కనబడటానికి కారణం ఆ సొనే. అది మాంసకృత్తు కావడంవల్ల కాలక్రమాన పచ్చబడుతుంది. పైగా ఈ కాగితం పలుచన, చుట్టుకుపోయే గుణం కలది. అందుచేత దాన్ని దళసరి అట్టకు అంటించేవారు. ఆ అట్ట నాసిరకమైతే దానిలోని ఆమ్లం బొమ్మకు ఎక్కేది.

గుడ్డుసొన తరువాత జెలటిను వచ్చింది. 1871 లో మ్యాడాక్స్ అనే వైద్యుడు జెలటినులో రజత బ్రోమైడును నిలిపి చూపాడు. దాన్ని ముందు గాజు పలకలకు, తరువాత కాగితానికి పూశారు. కాగితానికీ జెలటినుకూ మధ్య బేరియం సల్ఫేటు పూత వేయడం ఈ కాలపు పెద్ద మెరుగు. ఇది తెల్లని పొడి, నీటిలో కరగదు, కాంతిని బాగా పరావర్తనం చేస్తుంది. కడుపుకు ఎక్స్‌రే తీసేటప్పుడు రోగిచేత తాగించేది కూడా ఇదే. దీని ముడిఖనిజాన్ని తెలుగువారు ముగ్గురాయి అంటారు. కడప ప్రాంతంలోని మంగంపేటలో దీని నిక్షేపం ప్రపంచ ప్రసిద్ధం. ఈ పూత కాగితపు గరుకును కప్పివేసి, తెలుపును తెల్లగా, నలుపును గాఢంగా చేస్తుంది.

నలుపు గాఢతను కొలవడానికి ఒక పద్ధతి ఉంది. కాగితం మీద పడిన కాంతిలో పదోవంతు తిరిగి వస్తే సాంద్రత 1 అంటారు. నూరోవంతు వస్తే 2. సంవర్గమానాలు చదివిన విద్యార్థికి ఇది వెంటనే బోధపడుతుంది. ఉప్పు కాగితం మీది నలుపు సాంద్రత సుమారు 1.3, అంటే అది నల్లగా ఉన్నచోట కూడా నూటికి 5 పాళ్ళ కాంతిని తిప్పి పంపుతుంది. మెరుపుగల మంచి జెలటిను కాగితం మీద సాంద్రత 2 దాటుతుంది; తిరిగి వచ్చేది నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఈ తేడాకు మూలం పైపొర. గరుకు పొర మీద పడిన కాంతి అన్ని దిక్కులకూ చెదిరి, కొంత తప్పక చూసేవాని కంట పడుతుంది. నునుపు పొర దాన్ని ఒకే దిక్కుకు పంపుతుంది. పొడి నల్లరాయి బూడిదరంగుగా కనబడి, తడిపితే కారునలుపుగా కనబడేది ఇందువల్లనే. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి ఆలయాల్లో కాకతీయుల కాలపు స్తంభాలకు పెట్టిన నునుపు చేసే పని కూడా ఇదే.

సూర్యాపేట, కోదాడ వంటి ఊళ్ళలో స్టూడియోలు నడిచింది ఈ బ్రోమైడు కాగితం మీదనే. ఎర్రదీపపు చీకటి గదిలో కాగితాన్ని డెవలపరులో ముంచి, హైపోలో స్థిరపరచి, నీటిలో కడిగేవారు. చాలాకాలం కాగితం విదేశాలనుండి వచ్చేది. 1960 లో ఊటీలో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ తరువాత ఇందు అనే పేరుతో ఫిలిము, కాగితం తయారుచేసింది; ఆ కర్మాగారం ఇప్పుడు మూతపడింది. ఈ పనికి 20 డిగ్రీల సెల్సియస్ నీరు అనుకూలం. మే నెలలో సూర్యాపేట ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వేడి నీటిలో జెలటిను ఉబ్బి, మెత్తబడి, అంచుల వద్ద ఊడివస్తుంది. అందుకని నీటిలో మంచుముక్కలు వేయడం, హైపోలో పటిక కలపడం అలవాటు.

నీటి కరువు ఉన్నచోట కడుగుడుకు లోటు వస్తుంది. పీచు కాగితాన్ని పారే నీటిలో గంటసేపు కడగాలి. చాలకపోతే హైపో మిగిలిపోయి, దానిలోని గంధకం వెండితో కలిసి రజత సల్ఫైడు అవుతుంది. చాలా ఇళ్ళలో గోడమీది పెళ్ళిచిత్రాలు గోధుమరంగుకు, పసుపుకు తిరగడానికి ఒక ముఖ్యకారణం ఇదే. హైపో పోయిందో లేదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది: చాలా పలుచని పొటాసియం పర్మాంగనేటు ద్రావణంలో కాగితం నుండి కారిన నీటిని నాలుగు చుక్కలు వేయాలి. హైపో ఉంటే ఊదారంగు విరిగిపోతుంది. ఇక 1970 దశకం నుండి కాగితానికి రెండువైపులా పాలిథీన్ పొర వేసిన రకం వచ్చింది. నాలుగు నిమిషాల్లో కడుగుడు ముగుస్తుంది. పని తేలికయింది, మొదట్లో వచ్చిన వాటిలో చాలా చిత్రాలు పగుళ్ళిచ్చి చెడిపోయాయి. పొరలో తెలుపుకోసం వేసిన టైటానియం డైఆక్సైడు, కాంతి సోకినప్పుడు ఆక్సీకరణను ప్రేరేపించడమే దీనికి హేతువని తరువాత తేలింది. రంగుల చిత్రాలు రావడంతో ఈ కథ అంతటితో వెనుకబడింది.

కంప్యూటరుకు అనుబంధమైన ఇంక్‌జెట్ యంత్రం మొదట అచ్చుపనిలో నమూనాలు చూసుకోవడానికి ఏర్పడినది. 1991 లో కాలిఫోర్నియాలో గ్రాహం నాష్ అనే గాయకుడు స్థాపించిన ముద్రణశాల, ఐరిస్ అనే అటువంటి యంత్రంతో కళాత్మక ఛాయాచిత్రాలను ముద్రించసాగింది. విశేషమేమంటే, వారు అందులో పెట్టింది నీటిరంగుల చిత్రకారులు వాడే నూలుపీచు కాగితాన్ని. గుడ్డుసొన కాలాన్ని ఏలిన రీవ్ మిల్లు పేరు, ఆ యజమానుల పొడి అక్షరాలతో సహా, బి.ఎఫ్.కె. రీవ్ కాగితంగా ఈనాటికీ కళాకారులకు దొరుకుతుంది.

అయితే ఆనాటి సిరాలు నీటిలో కరిగే అద్దకపు రంగులు. కొద్ది ఏళ్ళలోనే వెలిసిపోయేవి. 2000 ప్రాంతంలో పొడి రంగుల సిరాలు అందుబాటులోకి వచ్చాయి. వీటిలో నలుపు కర్బనమే, అంటే మసి. తాటాకు మీద గంటంతో రాసి మసి పూసిన మన పూర్వులకు దాని నిలకడ తెలుసు. కర్బనం వెలుతురుకు వెలవదు. నలుపు తెలుపు చిత్రాన్ని రంగుల సిరాలు కలిపి ముద్రిస్తే ఒక దీపం కింద ఆకుపచ్చ ఛాయ, మరొక దీపం కింద గులాబి ఛాయ తోచేది. 2005 నుండి గాఢమైన నలుపుతోపాటు రెండు పలుచని నలుపులు గల యంత్రాలు రావడంతో ఆ బాధ చాలావరకు తగ్గింది.

సిరా సరే, కాగితం మాట ఏమిటి? ఇంక్‌జెట్ యంత్రం విడిచే ఒక్కొక్క బిందువు రెండు మూడు పికోలీటర్లు ఉంటుంది. ఒక మిల్లీలీటరు సిరాలో అటువంటివి ముప్పై కోట్లకు పైగా ఉంటాయి. మామూలు రాతకాగితం మీద ఆ బిందువు పీచువెంట పాకి, టాల్బట్ ఉప్పు కాగితంలో వెండి ఇంకినట్లే ఇంకిపోతుంది. దాన్ని పైననే ఆపడానికి కాగితానికి సిలికా పొడి పూత వేస్తారు. దాని సూక్ష్మరంధ్రాలు నీటిని పీల్చుకొని, రంగుకణాలను పైన నిలుపుతాయి. సిలికా అనగానే ఇసుక గుర్తుకు వస్తుంది గాని, మిర్యాలగూడ మిల్లుల వద్ద కుప్పలు పడే ఊక బూడిదలో నూటికి 85 పాళ్ళకు పైగా సిలికాయే. టన్ను వడ్లకు సుమారు 200 కిలోల ఊక, దాన్ని కాలిస్తే 40 కిలోల బూడిద, అందులో 35 కిలోల సిలికా. ఊక బూడిదనుండి శుద్ధమైన సిలికా పొడిని తీసే పద్ధతి రసాయనశాస్త్రంలో ఉన్నదే.

పూత కింది కాగితం పత్తితో చేసినదైతే మంచిది. కొయ్యగుజ్జులో లిగ్నిను ఉంటుంది. దాన్ని తొలగించని కాగితం వార్తాపత్రికలాగా ఎండకు పచ్చబడుతుంది. పత్తి ఇంచుమించు శుద్ధమైన సెల్యులోజు. జిన్నింగు మిల్లులో దూది తీసిన తరువాత గింజను అంటుకొని ఉండే పొట్టి నూగు ఇటువంటి కాగితాలకు వాడే ముడిపదార్థాల్లో ఒకటి. ఇక గాలిలోని ఆమ్లవాయువులను తట్టుకోవడానికి కాగితంలో నూటికి రెండు పాళ్ళు కాల్షియం కార్బొనేటు ఉంచుతారు. కోదాడకు దక్షిణాన మేళ్లచెర్వు, మఠంపల్లి సిమెంటు కర్మాగారాలకు ఆధారమైన సున్నపురాయి రసాయనికంగా ఇదే పదార్థం. సున్నం ఆమ్లాన్ని విరిచినట్లు, ఇది కాగితాన్ని లోపలినుండి కాపాడుతుంది.

కొనేటప్పుడు ఎక్కువమంది మోసపోయేది తెలుపు విషయంలో. చాలా కాగితాలలో తెల్లదనం హెచ్చించే రసాయనాలు కలుపుతారు. అవి కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను గ్రహించి నీలికాంతిగా మార్చి విడుస్తాయి. బట్టల సబ్బుపొడులలో ఉండేవీ ఇవే. ఇవి కాలక్రమాన శక్తి కోల్పోగానే కాగితం తన అసలు పసుపుడాలుకు దిగివస్తుంది. బొమ్మలోని లేతభాగాలన్నీ దానితోపాటు మారిపోతాయి. దీన్ని కనిపెట్టడానికి ప్రయోగశాల అక్కరలేదు. దొంగనోట్లు పట్టడానికి నగదు లెక్కించే చోట్ల ఉంచే అతినీలలోహిత దీపం చాలు. నోటు కాగితం పత్తిది, ఈ రసాయనాలు లేనిది కాబట్టి దీపం కింద మందకొడిగా ఉంటుంది. జిరాక్సు కాగితం నీలంగా వెలుగుతుంది. కొనదలచిన కాగితపు ముక్కను నోటు పక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది. దళసరిని బట్టి నాణ్యాన్ని నిర్ణయించడం కూడా పొరపాటే. చదరపు మీటరుకు 300 గ్రాముల కాగితం చేతికి ఘనంగా తోస్తుంది, అంతమాత్రాన ఎక్కువకాలం మన్నుతుందని చెప్పడానికి లేదు.

ఇక బొమ్మను బట్టి ఎంపిక. సిలికా పూతగల మెరుపులేని పత్తి కాగితం మీద నలుపు సాంద్రత సుమారు 1.6 వద్ద ఆగుతుంది. ముగ్గురాయి పూతగల ఇంక్‌జెట్ కాగితం మీద 2.3 వరకు పోతుంది. తిరిగి వచ్చే కాంతి మొదటిదానిలో నూటికి రెండున్నర పాళ్ళు, రెండవదానిలో అర పాలు. అంకెలు చూసి రెండవదే ఎప్పుడూ మేలనుకోరాదు. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి బౌద్ధక్షేత్రాన్ని 1940 దశకంలో నిజాం రాష్ట్ర పురావస్తుశాఖ, 2001 తరువాత రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వాయి. అక్కడి శిల్పాలు లేతరంగు సున్నపురాతివి. వాటి అందమంతా తెలుపుకూ బూడిదరంగుకూ మధ్యనున్న సన్నని మెట్లలో ఉంటుంది. మెరుపు ఆ మెట్లకు అడ్డు తగులుతుంది. మెరుపులేని పత్తి కాగితమే వాటికి తగినది. పిల్లలమర్రి స్తంభాలను అదే కాగితం మీద ముద్రిస్తే నల్లరాయి పొయ్యిబూడిదలా తేలిపోతుంది. దానికి ముగ్గురాయి కాగితం కావాలి. తాతగారి పాత చిత్రాన్ని మళ్ళీ ముద్రించేటప్పుడు అసలుచిత్రం ఏ కాగితం మీద ఉన్నదో చూసి, దానికి దగ్గరి మెరుపుగల కాగితాన్ని ఎంచుకోవడం న్యాయం. నాగార్జునకొండ తవ్వకాల చిత్రాలవంటివాటిలో గుంటల నీడల లోపల ఉన్న ఇటుకల వరుసలు కూడా కనబడాలి. అక్కడ సొగసుకంటే సాక్ష్యం ముఖ్యం. లోతైన నలుపుగల కాగితం ఆ నీడలలోని మెట్లను విడివిడిగా చూపుతుంది.

ముద్రించే యంత్రంలో కాగితాన్ని బట్టి నల్లసిరాను కూడా మార్చాలి. మెరుపులేనిదానికి ఒకటి, మెరుపుగలదానికి ఒకటి ఉంటాయి. పూత ఏ వైపు ఉందో తెలియకపోతే మూలను తడివేలితో తాకితే, పూతవైపు వేలికి కొద్దిగా అతుకుతుంది. ముద్రించిన తరువాత ఒక రోజైనా ఆరనివ్వాలి. మెరుపులేని కాగితం మీది నలుపు గోటి రాపిడికి సైతం లేచిపోతుంది కనుక చిత్రానికీ చిత్రానికీ మధ్య ఆమ్లంలేని పలుచని కాగితం ఉంచాలి. వెనుకవైపు ఊరి పేరు, సంవత్సరం, మనిషి పేరు రాసేటప్పుడు బాల్‌పెన్ను వద్దు. మెత్తని పెన్సిలు వాడాలి. పత్తి కాగితం పెన్సిలును బాగా పట్టుకుంటుంది. ఆ గీతలోనూ ఉన్నది కర్బనమే.